ఎవరి తాలూకు

నేను ఒక మాటను. ఇంగ్లీషులో నాలుగక్షరాలు, తెలుగులో రాస్తే దిస్. మీరు ఫోనులోనో కంప్యూటరులోనో తెరిచే పేజీల వెనక జావాస్క్రిప్ట్ అనే భాష నడుస్తుంది. నా ఉద్యోగం అందులో. మీరు బస్సు టికెట్ తీసుకున్నప్పుడు నేను అక్కడే ఉంటాను. కరెంటు బిల్లు కట్టినప్పుడూ ఉంటాను. మీరు నన్ను చూడరు.

నాకు సొంత అర్థం లేదు. వినయం కొద్దీ చెప్పడం లేదు, నిబంధనే అది. నన్ను ఏదో ఒక పని లోపల రాస్తారు, ఆ పనిని ఎవరు పిలిస్తే ఆ పూటకి నేను వాళ్ళని. ఇంకొకరు పిలిస్తే ఇంకొకరిని. ఇది చదువుకున్నవాళ్ళకి అర్థం కావడానికి వారాలు పడుతుంది. ఆసుపత్రిలో ఐసీయూ బయట ఒక పూట కూర్చున్నవాళ్ళకి మాత్రం వెంటనే అర్థమవుతుంది. అక్కడ తలుపు తెరిచి, "ఫలానా పేషెంటు తాలూకు ఎవరండీ?" అని అరుస్తారు. అప్పుడు లేచే మనిషికి ఒక పేరుంటుంది, ఇల్లుంటుంది, మిరప యార్డులోనో ఆఫీసులోనో ఒక చోటుంటుంది. ఆ గుమ్మం ముందు అవేవీ లెక్కలోకి రావు. ఆ మనిషి ఫలానా వాళ్ళ తాలూకు, అంతే. నా బతుకంతా ఆ గుమ్మం ముందే.

పంతొమ్మిది వందల తొంభై ఐదులో నన్ను ఈ భాషలోకి తెచ్చారు. అమెరికాలో ఒక బ్రౌజర్ కంపెనీకి ఒక భాష అర్జంటుగా కావాల్సి వచ్చింది. తొలి రూపం పది రోజుల్లో తయారైంది. అప్పట్లో పేరు మోసిన మరో భాషలాగా కనబడాలని అక్కడి మాటలు కొన్ని పట్టుకొచ్చారు. అందులో నేనొకదాన్ని. అక్కడ నా పేరున్న మాటకి యజమాని మారడు. ఇక్కడికి వచ్చాక నాకు ఆ భద్రత ఇవ్వలేదు. పది రోజుల్లో కట్టిన ఇంట్లో ఏ గది తలుపు ఎటు తెరుచుకుంటుందో కట్టినవాళ్ళకే గుర్తుండదు. తర్వాత సరిచేద్దామంటే అప్పటికి జనం కాపురాలు పెట్టేశారు.

బ్రౌజర్‌లో సెల్ఫ్ అని నాకో దాయాది ఉంది. పేరుకి 'తాను' అని అర్థం. మామూలు పేజీలో అది ఎప్పుడూ విండోనే. విండో అంటే పేజీ మొత్తాన్ని పట్టుకుని ఉండే పెద్ద గది. దాయాదికి నెల జీతం ఉద్యోగం. నాది రోజు కూలీ.

నన్ను అమీర్‌పేటలో నేర్పుతారు. మూడో అంతస్తులో ఒక హాలు, హాలు నిండా కుర్చీలు, ఒక మాస్టారు. ఆయన బోర్డు మీద ఒక పేరు రాసి, పక్కన చుక్క పెట్టి, చుక్క తర్వాత చేయాల్సిన పని రాసేవారు.

"చుక్కకి ముందు ఎవరున్నారో చూడండి. దిస్ అంటే వాళ్ళే. అందరూ అనండి."

అందరూ అనేవారు.

"సార్, చుక్కే లేకపోతే?" అంది ముందు వరసలోంచి నీరజ అనే అమ్మాయి.

"ఎవరూ లేనట్టేగా. అప్పుడు విండో. రాసుకో, ఇంటర్వ్యూలో అడుగుతారు. పనిలో ఎప్పుడూ రాదు."

నీరజ రాసుకుంది. ఇంటర్వ్యూలో అడిగారు, చెప్పింది. ఉద్యోగం గుంటూరు బ్రాడీపేటలో, ఒక చిన్న కంపెనీలో. యజమాని వీరభద్రం. హోటళ్ళకీ, కాలేజీలకీ, ఒక కల్యాణ మండపానికీ పేజీలు చేసిచ్చేవాడు. ఒకసారి ఊళ్ళోని ఒక ఆసుపత్రి పని దొరికింది. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం.

ఆసుపత్రి మేనేజరుకి ఐసీయూ గుమ్మం దగ్గర అరుపులు నచ్చలేదు. పెద్ద ఊళ్ళ ఆసుపత్రుల్లో స్క్రీన్లున్నాయని ఆయన చూసొచ్చాడు. లోపల నర్సు తన కంప్యూటరులో పేషెంటు పేరు మీద నొక్కాలి. బయట హాల్లో స్క్రీన్ మీద పేరు పడాలి, ఆ పేరు స్పీకరులో వినబడాలి. ఇక మీదట సిబ్బంది ఎవరూ బయటికొచ్చి అరవకూడదని ఆర్డరు కాగితం తీశాడు. నీరజ ఆ పేజీ చేసింది. ప్రతి పేషెంటు పేరు పక్కన చుక్క, చుక్క తర్వాత పిలుపు, పిలుపు లోపల నేను. బాగానే నడిచింది. ఎవరిని నొక్కితే వాళ్ళ తాలూకు లేచి వెళ్ళారు.

కొన్నాళ్ళకి మేనేజరు ఇంకోటి అడిగాడు. ప్రాణం మీదకి వచ్చినప్పుడు పిలిచేందుకు అర్జెంట్ బటన్ విడిగా ఉండాలి. అది నొక్కితే ముందు గంట మోగాలి, హాల్లోవాళ్ళు తలెత్తి చూడటానికి కాస్త వ్యవధి ఇవ్వాలి, అప్పుడు ఎర్ర అక్షరాల్లో పేరు రావాలి.

వ్యవధి కోసం నీరజ పిలుపుని బ్రౌజర్ గడియారానికి అప్పగించింది. గడియారం పిలుపుని తీసుకుంటుంది, సమయం కాగానే దాన్ని నడుపుతుంది. ఎవరి తరఫున తీసుకుందో గుర్తుపెట్టుకోదు. అప్పగించేటప్పుడు పిలుపు మాత్రమే వెళ్ళింది. చుక్కా, చుక్కకి ముందున్న పేషెంటూ వెనకే ఉండిపోయారు. నిబంధన ప్రకారం నేను విండోకి పోయాను. విండోకి 'పేరు' అని ఒక గడి సొంతంగా ఉంటుంది. నీరజ పేషెంట్ల జాబితా చదివించేటప్పుడు ఒక్కొక్క పేరూ తెలియకుండానే ఆ గడిలో వేసి తీస్తూ వచ్చింది. జాబితా అయిపోయాక చివరి పేరు అందులోనే మిగిలింది. అంటే అర్జెంట్ ఎవరికి నొక్కినా, పిలుపు మాత్రం ఆఖర్న చేరిన పేషెంటుకే వెళ్తుంది.

ఇద్దరు పేషెంట్లని పెట్టి పరీక్షించి ఉంటే ఇది ఆ పూటే బయటపడేది. పెట్టాలనే నీరజ అనుకుంది.

"సార్, పరీక్షకి రెండు మూడు పేర్లు కావాలి," అంది వీరభద్రంతో.

"ఏం పేర్లు?"

"ఎవరివైనా. ఐసీయూలో పేషెంట్లుగా పెట్టాలి."

గదిలో కీబోర్డుల టకటకలు ఆగిపోయాయి.

"నా పేరు పెట్టావంటే చూడు," అన్నాడు ఎదురు బల్ల దగ్గరి కిరీటి. "అర్జెంట్ అని ఎర్రక్షరాల్లో వచ్చుద్ది. మా అమ్మ చూసిందంటే ఆమెని తీసుకుపోవాలి ఐసీయూకి."

"నీ పేరే పెట్టుకోమ్మా," అన్నాడు వీరభద్రం.

"నాదా? వచ్చే నెల నిశ్చితార్థం సార్."

"పోనీ ఏదో ఒకటి కల్పించు."

"కల్పించినా ఎవరో ఒకరిదే అవుద్ది కదా సార్. పాపం ఎవరికి తగులుద్దో."

నవ్వుకున్నారు గానీ ఎవరూ పేరివ్వలేదు. ఈ మనుషులే ఫోనులో అడిగిన ప్రతిచోటా పేరూ పుట్టిన తేదీ ఇచ్చేస్తారు. చివరికి కిరీటి మూలన పడున్న యూపీఎస్‌ని చూపించాడు. అది పోయిన వారమే కాలిపోయింది.

"దాన్ని చేర్చుకో. ఎట్టాగూ పోయిందిగా, దోషం లేదు."

నీరజ యూపీఎస్‌ని ఐసీయూలో చేర్చింది. అర్జెంట్ నొక్కింది. గంట మోగింది. ఎర్ర అక్షరాల్లో "యూపీఎస్ తాలూకు వెంటనే రావాలి" అని పడింది. కిరీటి లేచి నిలబడి, "వస్తున్నా డాక్టరుగారూ, అది మా పెద్దాయనే," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. జాబితాలో ఉన్నది ఒక్కటే కాబట్టి ఆఖర్న చేరిందీ అదే. నేను విండో చేతుల్లో ఉన్నానని ఎవరికీ తెలియలేదు.

"ఇంకోటి పెట్టి చూద్దామా?" అంది నీరజ.

"ఇంకోటి కాలిందాకా ఆగాలి," అన్నాడు కిరీటి.

"చాల్లే, పంపించెయ్," అన్నాడు వీరభద్రం.

ఆసుపత్రిలో మొదటి అర్జెంట్ పిలుపులు సరిగ్గానే వెళ్ళాయి. కారణం ఉంది. ఐసీయూలోకి అప్పుడే వచ్చినవాళ్ళ పరిస్థితే ఎక్కువగా విషమంగా ఉంటుంది. ఆఖర్న చేరినవాళ్ళకే అర్జెంట్ నొక్కుతూ వచ్చారు. తప్పు ఒప్పులాగే కనబడుతూ వచ్చింది. మేనేజరు వీరభద్రానికి ఫోన్ చేసి మెచ్చుకున్నాడు.

శేషారత్నం ఆ హాల్లోకి వచ్చింది అప్పుడే. మిరప యార్డు దగ్గర కాయలకి తొడిమలు తీసే పని ఆమెది. చీరకి ఘాటు పట్టి ఉండేది. పక్క కుర్చీల్లోవాళ్ళు తుమ్మేవారు. భర్త బసవయ్య ఇంట్లో కూలబడిపోతే పక్కింటివాళ్ళు తెచ్చి చేర్పించారు. ఊపిరికి గొంతులో గొట్టం వేశారు. మాట లేదు. ఆమె స్క్రీన్‌కి ఎదురుగా ఉన్న కుర్చీ ఎంచుకుంది. అక్కడి నుంచి లేస్తే పక్కవాళ్ళకి చెప్పి లేచేది.

పక్క కుర్చీలోకి జానీ వచ్చాడు. సత్తెనపల్లిలో మోటారు సైకిళ్ళు బాగుచేసే షాపు. వాళ్ళ నాన్న నాగూర్‌ని ఆ పొద్దునే లోపల చేర్చారు. జాబితాలో ఆఖరి పేరు అదే.

"నీకు లోపల ఎవరు పెద్దమ్మా?" అన్నాడు జానీ.

"మా ఆయన. మూణ్ణాళ్ళయింది. గొట్టం తీసి చూస్తాం ఇయ్యాల అన్నారు. తీస్తే మాట్లాడతాడంట."

"మాట్లాడతాళ్ళే."

"ఎక్కువ వద్దు అబ్బాయ్. ఒక్క మాట చాలు. ఆ రోజు పొద్దున తిట్టి పోయా యార్డుకి. కళ్ళజోడు కాడ విరిగితే దారం కట్టుకుని తిరుగుతా ఉండాడు. బాగుచేయించుకోమంటే వినడు. 'ఇక నీతో మాట్లాడితే ఒట్టు' అని పోయా. ఆ ఒట్టు తీయాలి నేను."

"ఎవరు తీయాలి? నువ్వా, ఆయనా?"

"ఎవరో ఒకళ్ళం. ఆయన పలికితే చాల్లే, తీరిపోద్ది."

మధ్యాహ్నం లోపల ఏం జరిగిందో నేను చూడలేదు. నర్సు సలోమి తర్వాత మేనేజరుకి చెప్పింది విన్నాను. బసవయ్యకి గొట్టం తీశారు. కాసేపు బాగున్నాడు. "రత్నం వచ్చిందా?" అని అడిగాడు. తర్వాత ఊపిరి అందలేదు. మళ్ళీ గొట్టం వేయక తప్పదని డాక్టరు అన్నాడు. వేస్తే మాట ఉండదు, తర్వాత ఎట్లా ఉంటుందో చెప్పలేం, వాళ్ళవాళ్ళని ముందు ఒకసారి పిలవమన్నాడు. సలోమి బసవయ్య పేరు పక్కన అర్జెంట్ నొక్కింది. ఆమె ముందున్న కంప్యూటరులో బసవయ్య పేరుకి పచ్చ గుర్తు పడింది. పిలిచినట్టు.

బయట గంట మోగింది. హాలంతా తలెత్తింది. గడియారం నన్ను పిలిచింది. చుక్క లేదు. చుక్కకి ముందు ఎవరూ లేరు. నేను విండో గడిలో ఉన్న పేరు చదివాను.

పఠాన్ నాగూర్ తాలూకు వెంటనే రావాలి.

జానీ స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాడు. శేషారత్నమే అతని భుజం మీద తట్టింది.

"పో నాయనా, మీవాళ్ళనే. ఆ సంచి నాకియ్యి, నేను చూస్తా. పో, పో."

జానీ వెళ్ళాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడవాలి, కాళ్ళకి తొడుగులు వేసుకోవాలి, గౌను కట్టుకోవాలి. కట్టుకుని వాళ్ళ నాన్న మంచం దగ్గరికి పోయి నిలబడ్డాడు. నాగూర్ నిద్రపోతున్నాడు. జానీ ఏడుపు మొదలుపెట్టాడు.

"మీరెందుకొచ్చారు? మీ నాన్నకేం కాలేదు. బసవయ్య తాలూకు ఏరీ?" అంది సలోమి.

"మమ్మల్నే పిలిచారు సిస్టర్."

"గంట వినబడితే చాలు, అందరూ మాకే అని లేచొస్తారు," అని సలోమి మళ్ళీ అర్జెంట్ నొక్కింది. మళ్ళీ పచ్చ గుర్తు. బయట మళ్ళీ నాగూర్ పేరు. శేషారత్నం పక్కావిడతో, "ఆ అబ్బాయి పోయాడు, మళ్ళీ పిలుస్తున్నారు. ఏమైందో ఏంటో పాపం," అంది. జానీ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సలోమి బయటికి రాలేదు. రాకూడదని కాగితం ఉంది. వార్డుబాయ్‌ని పంపేసరికి డాక్టరు ఇక ఆగలేకపోయాడు. శేషారత్నం గౌను కట్టుకుని లోపలికి పోయేసరికి గొట్టం లోపల ఉంది, మందు ఎక్కుతోంది, బసవయ్య కళ్ళు మూసుకున్నాడు. అవి మళ్ళీ తెరవలేదు. రెండు రోజుల తర్వాత పొద్దున పోయాడు.

మళ్ళీ గొట్టం వేసిన రోజు సాయంత్రమే మేనేజరు గదిలో శేషారత్నం, ఆమె మరిది నిలబడి ఉన్నారు. మేనేజరు కంప్యూటరు వాళ్ళ వైపు తిప్పాడు.

"చూడండమ్మా. రెండుసార్లు పిలిచారు. ఇదిగో గుర్తు. మీరు లేరు."

"అక్కడే కూర్చునున్నానయ్యా. ఎటూ పోలా."

"మా నాన్న పేరే వచ్చింది సార్ స్క్రీన్ మీద," అన్నాడు జానీ. సంచి కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వు కంగారులో ఉన్నావు బాబూ. అందరూ అట్టాగే అనుకుంటారు. మిషన్ అబద్ధం చెప్పదు కదా."

మరిది పచ్చ గుర్తుల వైపు చూశాడు. "నిద్రపట్టి ఉంటుంది వదినా. మూడు రోజుల నుంచి రెప్ప వేశావా ఏమన్నానా? మనిషివేగా."

"నిద్రపోలేదు చిన్నోడా. ఈ అబ్బాయిని లేపి పంపింది నేనే."

"సర్లే, పద."

మేనేజరు చెప్పింది నిజమే. నేను అబద్ధం చెప్పలేదు. విండోలో ఉన్న పేరు ఉన్నట్టు చదివాను. పచ్చ గుర్తు కూడా అబద్ధం చెప్పలేదు. సలోమి నొక్కింది బసవయ్య పేరే. లోపల ఒక నిజం, బయట ఒక నిజం. రెంటికీ మధ్య తలుపు. శేషారత్నం గొంతు ఏ కంప్యూటరులోనూ పచ్చ గుర్తు వేయలేదు కాబట్టి అబద్ధమైంది ఆమె ఒక్కతే.

సలోమికి అనుమానం పోలేదు. ఇంకోసారి తను పిలిచినవాళ్ళకి బదులు వేరే వాళ్ళు వచ్చినప్పుడు మేనేజరుకి చెప్పింది. మేనేజరు వీరభద్రానికి చెప్పాడు. సలోమితో, "ఇది బయటివాళ్ళ దగ్గర అనొద్దు," అని కూడా చెప్పాడు. నీరజ ఆసుపత్రి జాబితా కాపీ తెచ్చుకుని, అన్ని పేర్లతో నొక్కి చూసింది. చూస్తూనే తెలిసిపోయింది. మాస్టారు అనిపించిన మాట ఆమె పెదాల మీద ఆడింది. ఒక్క వరస మార్చింది. పిలుపుతో పాటు పేషెంటుని కూడా కట్టి గడియారానికి అప్పగించింది. ఏం సరిచేశారో రాయాల్సిన చోట, "దిస్ సమస్య, పరిష్కారమైంది" అని రాసింది. ఈ మొత్తం వ్యవహారంలో తప్పు ఎవరిదో రాతలో ఉన్నది అక్కడ ఒక్కచోటే. అక్కడున్నది నా పేరు.

"సార్, మొన్న ఒకాయన విషయంలో కూడా ఇట్టాగే జరిగిందంట. వాళ్ళావిడకి చెప్పాలేమో," అంది నీరజ.

"ఎవరావిడ?"

"బసవయ్య అని పేషెంటు. ఆయన తాలూకు."

"ఆమె పేరు తెలుసా నీకు?"

"తెలీదు సార్."

"మరి? మనల్ని అడిగింది స్క్రీన్ బాగుచేయమని. చేశాం. చెప్తే ఆయన లేచొస్తాడా? ఆసుపత్రివాళ్ళు మనల్ని పట్టుకుంటారు, ఆమె ఆసుపత్రివాళ్ళని పట్టుకుంటది. నిశ్చితార్థం పనులు చూసుకోమ్మా."

నీరజ తన బల్ల దగ్గరికి పోయి ల్యాప్‌టాప్ తెరిచింది.

మార్చిన పేజీ సరిగ్గా నడుస్తుందో లేదో అక్కడే కూర్చుని చూడమని వీరభద్రం నీరజని ఆసుపత్రికి పంపాడు. నీరజ హాల్లో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గంట మోగింది, పేరు వచ్చింది, ఆ పేరు తాలూకు మనిషే లేచి వెళ్ళాడు. మళ్ళీ మోగింది, మళ్ళీ సరైన మనిషే. ఇప్పుడు నాకు యజమాని ఉన్నాడు, ఎవరూ విడదీయలేరు. ఇది నాకు జరిగిన మేలు అనుకోవాలి.

మరణ పత్రం కోసం వచ్చిన శేషారత్నం, కౌంటరులో కాసేపు ఆగమంటే వచ్చి నీరజ పక్కన కూర్చుంది. నీరజ తుమ్మింది.

"మిరపకాయ ఘాటమ్మా, ఏమనుకోబాక," అంది శేషారత్నం. తర్వాత ల్యాప్‌టాప్ వైపు, స్క్రీన్ వైపు చూసింది. "లోపల మీవాళ్ళెవరు తల్లీ?"

"ఎవరూ లేరండీ. అంటే... ఉన్నారు," అంది నీరజ.

"మా ఆయన ఇక్కడే పోయాడు. బసవయ్య. నువ్వు తిండి తిన్నా తినకపోయినా నిద్ర మాత్రం పోబాక అమ్మాయ్. నన్ను రెండుసార్లు పిలిచారంట. నా కళ్ళు తెరిచే ఉన్నాయనుకున్నా. మా మరిది చెప్తే మొదట ఒప్పుకోలా. ఇప్పుడు ఆలోచిస్తే నిద్రపట్టిందేమో అనిపిస్తా ఉంది. పట్టే ఉంటది. లేకపోతే ఎందుకు వినబడదు? ఆయన అడుగుతానే ఉన్నాడంట, రత్నం వచ్చిందా అని. నేనిక్కడ నిద్రపోయా."

నీరజ ల్యాప్‌టాప్ మూత సగం మూసింది. ఏదో అనడానికి నోరు తెరిచింది. కౌంటరులోంచి, "బసవయ్య తాలూకు!" అని కేకేశారు. శేషారత్నం చటుక్కున లేచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"గుర్తుపెట్టుకో తల్లీ. నిద్రపోబాక."

"సరేనండీ, నిద్రపోను," అంది నీరజ.